విడుదల పత్రం

మూడోసారి కూడా వేలిముద్రల యంత్రం కమలాక్షి బొటనవేలిని గుర్తుపట్టలేదు. ముప్పై ఏళ్ళుగా తెగిన నూలుపోగులు అతికించి అతికించి ఆ వేలి గీతలు అరిగిపోయాయి. సూది గుచ్చినా దానికి తెలియదు. ఆ మాటకొస్తే పొద్దుటినుంచీ ఆమెకే ఏమీ తెలియడం లేదు.

"కాసేపు బయట కూచోమ్మా, మళ్ళీ పిలుస్తాం" అన్నాడు రిజిస్ట్రారాఫీసు గుమాస్తా.

వరండా బల్లమీద తమ్ముడు భూపతి కూచుని ఉన్నాడు, ఒళ్ళో సంచీ, అందులో ఆమెకు చీర. వేలూరు దగ్గర ఈ గుడియాత్తం నేతగాళ్ళలో ఆడబిడ్డ నాన్న ఇంట్లో తన వాటా వదులుకుంటూ విడుదల పత్రం మీద ముద్ర వేస్తే, అన్నదమ్ములు పుట్టింటి చీర పెడతారు. చట్టం సగం ఇమ్మంది, ఆనవాయితీ చీర చాలంది. చట్టం ఎక్కడో ఉంటుంది, ఆనవాయితీ పక్కింట్లోనే కాపురముంటుంది. మొగుడు పోయాక కమలాక్షి నేసేదీ పడుకునేదీ నాన్న మగ్గం ఉన్న గదిలోనే. ముద్ర పడితే ఆ ఇల్లు అమ్ముడుపోతుంది. వేయనంటే తమ్ముడింటి తలుపు మూసుకుపోతుంది.

"కొత్తింట్లో నీకూ ఒక మూల ఉండాది లేక్కా" అన్నాడు భూపతి. మగ్గం మాట ఎత్తలేదు.

అదే వరండాలో పొద్దుటినుంచీ డెన్మార్క్ దొరసాని ఒకామె కూర్చుని ఉంది. మన దేశంలో ఆడవాళ్ళ ఆస్తిహక్కు మీద పుస్తకం రాస్తోందట. మాట తర్జుమా చేయడానికి కాట్పాడిలో చదువుకునే షాలిని వెంట వచ్చింది. పత్రాలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళను దొరసాని ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది. కమలాక్షితో కలిపి పదకొండు మంది. దొరసాని మొహం వెలిగిపోతోంది.

"అత్తా, వాళ్ళ అవ్వ కాలంలో వాళ్ళ దేశంలో గూడా ఇంతమంది ఆడోళ్ళు ఆస్తి రాయించుకునేదానికి రాలేదంట. మన చట్టం బాగా పని చేస్తా ఉండాదంట. నీకు ఎంత భాగం వచ్చిందని అడగతా ఉండాది" అంది షాలిని.

పాపం, దొరసానిని అనడానికేముంది? మనుషుల్ని లెక్కపెట్టింది గానీ కాగితాలు చదవలేదు.

"రాయించుకునేదానికి రాలేదు పాపా, రాసిచ్చేదానికి వచ్చినాను. పదకొండు మందిమీ అంతే."

షాలిని తటపటాయించి ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. దొరసాని కలం ఆగిపోయింది. ఒక్క మాట అడిగింది.

"'ఎందుకు?' అంటా ఉండాది, అత్తా."

కమలాక్షిని ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అమ్మ రాసిచ్చింది, మేనత్త రాసిచ్చింది, అందుకని. ఆ జవాబే చెప్పబోయింది. ఆమెకు సిగ్గేసింది. పొద్దుటినుంచీ ఆమెకు తెలిసినది అదొక్కటే.

లోపలినుంచి గుమాస్తా పిలిచాడు.

"లే అక్కా, సీక్రం" అంటూ భూపతి ఆమెను యంత్రం ముందుకు తీసుకుపోయాడు.

కమలాక్షి బొటనవేలిని లోపలికి ముడిచి పిడికిలి బిగించింది.

"మగ్గం యాడ పెడతావో అది చెప్పు నాయనా, ముందు."

భూపతి సంచీలోంచి చీర తీసి ఆ పిడికిలి మీద పెట్టాడు. దాని ధర చీటీ ఇంకా ఊడలేదు, ఆరువందల యాభై. చీర జారి నేలమీద పడింది. తియ్యడానికి ఇద్దరిలో ఒక్కరూ వంగలేదు.