పెద్దమ్మ నేర్పిన రెండో సగం

నాకు కోపం ఎక్కువని మా ఆయన అంటాడు, మా మరిది అంటాడు, బట్టలు కుట్టించుకునేవాళ్ళయితే మొహం మీదే అంటారు. నేను ఒప్పుకోను. ప్యాంటు పొడవు రెండుసార్లు కొలిపించుకుని, కుట్టడం అయ్యాక వచ్చి "కాస్త పొట్టయినట్టుంది" అనే మనిషిని చూస్తే దేవదూతకైనా ఒళ్ళు మండుతుంది. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళం ఒకరినొకరు సిస్టర్ అని పిలుచుకుంటాం. నేను మాత్రం మనసు బాగున్నప్పుడు అమ్మా అంటాను, ఒళ్ళు మండినప్పుడే సిస్టర్ అంటాను. ఆ సంగతి తెలిసినవాళ్ళు నా నోట సిస్టర్ అని వినగానే రెండడుగులు వెనక్కి వేస్తారు.

నాది మూడు మిషన్ల టైలరింగ్ కొట్టు. ఒక మిషన్ నాది, ఒకటి మా తోడికోడలిది, మూడోది మా పెద్దమ్మది, అంటే మా అమ్మకు అక్కది. పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మిషన్ మీద ఇప్పుడు ఎవరూ కుట్టరు, అయినా వారం వారం నూనె వేసి తుడుస్తాను. నాకు కుట్టడం, ప్రార్థన చేయడం రెండూ ఆవిడే నేర్పింది, అదీ ఒకేసారి. గురువారం మధ్యాహ్నం రెండింటికి షట్టరు సగం దించేవాళ్ళం. సువార్తలో ఒక అధ్యాయం చదివి, ఆ వారం ఎక్కడ తప్పటడుగు వేశామో ఒకరికొకరం చెప్పుకుని, ప్రార్థన చేసుకుని మూడింటికి మళ్ళీ ఎత్తేవాళ్ళం. చేతులు ఖాళీగా ఉంటే మనసు ఎక్కడెక్కడో తిరిగొస్తుందని, వాక్యం వినేటప్పుడు కూడా నా ఒళ్ళో నాలుగు చొక్కాలు పడేసి గుండీలు కుట్టమనేది.

ఇప్పుడు ఆ గురువారాలు నావీ, మా తోడికోడలివీ. అది మా మరిది భార్య, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. ఆరేళ్ళ కిందట ఈ ఇంటికి వచ్చినప్పుడు నలుగురిలో నోరు విప్పేది కాదు. ప్రార్థన చేయమంటే ఆమెన్ ఒక్కటే వినపడేది, అదీ నేను ముందు అంటేనే. నాలుగేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నాను. చదివించాను, చదివింది అప్పజెప్పించుకున్నాను, తిట్టాను. ఇప్పుడు ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెబుతుంది. అందరూ నన్ను మెచ్చుకుంటే ప్రభువుకే మహిమ అని పైకి అన్నాను గానీ, అందులో కొంచెం నా దగ్గర కూడా ఉంచుకున్నాను.

అందుకే పోయిన నెల పాస్టరుగారు వాక్యం నేర్పమని ఒక కొత్తావిడను దానికి అప్పగించినప్పుడు నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఆ కొత్తావిడ బస్సు కండక్టరు. కొన్నాళ్ళుగా ఆదివారాలు వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, ఆఖరి పాట అవకముందే డ్యూటీకి పరిగెత్తేది. పాస్టరుగారితో ముందే తేల్చి చెప్పిందట, నాలుగు గురువారాలు చూస్తాను, మనసుకు పడితే ఉంటాను, లేకపోతే నన్ను ఇంక ఆదివారాలకు కూడా పిలవకండి అని. మా తోడికోడలు ఆ రాత్రంతా నిద్రపోలేదని మా మరిది చెప్పాడు. పొద్దున్నే వచ్చి నాతో ఒకే ఒక్క మాట అంది.

"అక్కా, ఆవిడ నిలబడితే నేను దేవుడి పనికి పనికొస్తానని నాకు తెలుస్తుంది. వెళ్ళిపోతే మాత్రం ఇంకెవరినీ నాకు అప్పగించనివ్వకు."

ఇన్నేళ్ళకు తెరుచుకున్న నోరు మళ్ళీ ఎక్కడ మూసుకుంటుందోనని నాకు భయం పట్టుకుంది. నేను పక్కనే ఉంటాను, కానీ మధ్యలో మాట్లాడను అని మాటిచ్చాను. నన్నెరిగినవాళ్ళకు అది ఎంత పెద్ద మాటో తెలుసు.

మొదటి రెండు గురువారాలు బాగానే గడిచాయి. కండక్టరమ్మ యూనిఫాంలోనే వచ్చి, భుజాన ఉన్న సంచి దించి, పెద్దమ్మ మిషన్ ముందున్న స్టూలు మీద అమ్మయ్య అని కూర్చునేది. మా తోడికోడలు మెల్లగా చదివేది, ఆవిడ వినేది. నేను నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుని కర్టెన్ల అంచులు మడిచి కుట్టాను.

మూడో గురువారం ఆవిడ ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఇంటి దగ్గర చదువుకుని రమ్మన్న అధ్యాయం చదవలేదు, పేజీ తీసి చూశాను గానీ కళ్ళు మూతలు పడ్డాయి అంది. మా తోడికోడలు పెదాల మధ్య ఉన్న సూది తీసింది. తల కొంచెం వంచి, కళ్ళజోడు పైనుంచి చూసినట్టు కళ్ళు మాత్రం పైకెత్తింది. దానికి కళ్ళజోడు లేదు. కళ్ళజోడు నాది.

"చదివారా, చూశారా సిస్టర్? పేజీ చూడటం వేరు, చదవడం వేరు. దేవుడికి వారంలో ఒక్క గంట ఇవ్వలేనప్పుడు ఇంత దూరం రావడం దేనికి?"

కండక్టరమ్మ చిన్నగా నవ్వి, మిగతా సేపు కుదురుగా విని, ఆమెన్ అని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ మెట్లు దిగిందో లేదో మా తోడికోడలు నావైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"ఎలా చెప్పానక్కా? అచ్చం నీలాగే చెప్పాను కదా."

అది వెక్కిరింపు కాదు. వెక్కిరింపయినా బాగుండేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నాకు తల కొట్టేసినట్టయింది. ఊఁ అని కర్టెన్ మీదికి వంగిపోయాను.

నాలుగో గురువారం ఆవిడ రాలేదు. మూడు దాటినా షట్టరు ఎత్తకుండా కూర్చున్నాం. ఆవిడకు ఆసక్తి లేదులే అని మూడున్నరకు అంది మా తోడికోడలు. నాలుగింటికి లేచి షట్టరు ఎత్తింది. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పుతూ, పాస్టరుగారితో నువ్వే చెప్పేయక్కా, నావల్ల కాదని, అంది. అన్నాక ఇంటికి వెళ్ళేదాకా దాని నోట మాట లేదు.

శనివారం పెద్దమ్మ మిషన్‌కు నూనె వేస్తూ నాలో నేనే గొణుక్కున్నాను. మొదట కండక్టరమ్మనే తిట్టుకున్నాను. ఒక్క మాటకే అలిగి మానేయడమేమిటి, పెద్దమ్మ నన్ను ఎన్ని తిట్లు తిట్టింది, నేను పారిపోయానా అనుకున్నాను. అనుకున్నాక, ఎందుకు పారిపోలేదో గుర్తొచ్చింది.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక చొక్కాకు కాలరు తిరగేసి కుట్టాను. నీ చేతులు నీవేనా, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకున్నావా అని కొట్లో అందరి ముందూ అడిగింది పెద్దమ్మ. ఏడుస్తూ ఇంటికి పోయాను, ఇక వాక్యమూ వద్దు, కుట్టూ వద్దు అనుకున్నాను. సాయంత్రం కుండపోత వాన. మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తుల మెట్లెక్కి, తడిసి ముద్దయి మా గుమ్మంలో నిలబడింది. మా అమ్మ ముందు, అన్నల ముందు, చేతిలో గొడుగు కారుతుండగా చెప్పింది. "కాలరు తప్పు నీది. నోటి తప్పు నాది. నన్ను క్షమించమ్మా." నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. పర్లేదులే పెద్దమ్మా అని తువ్వాలు ఇచ్చాను. మర్నాడు కొట్టుకి వెళ్ళాను.

అదొక్కసారే కాదు. తిట్టిన ప్రతిసారీ, చీకటి పడేలోగా వచ్చి క్షమించమని అడిగేది. పెద్దదైపోయింది, మనసు మెత్తబడింది అనుకుని నేను పట్టించుకోలేదు. ఆవిడ తిట్లు మాటకు మాట గుర్తుపెట్టుకున్నాను, ఆ రెండో మాట మాత్రం వదిలేశాను. సగమే నేర్చుకున్నాను. నాలుగేళ్ళుగా ఆ సగమే మా తోడికోడలికి నేర్పాను.

పక్క మిషన్ మీదున్న దాని దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు నువ్వన్న మాటలు నావి, నా దగ్గర నేర్చుకున్నావు, తప్పు నీది కాదు అని చెప్పాను. అక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ ఆగలేదు.

"ఈ నాలుగేళ్ళలో నిన్ను ఎన్నిసార్లు ఏడిపించానో. ఒక్కసారీ క్షమించమని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

అది చాలాసేపు మిషన్ చక్రం తిప్పుతూ కూర్చుంది. "నేను లెక్కపెట్టుకోలేదక్కా," అంది. కాసేపాగి, "పెట్టుకున్నాను. కానీ చెప్పనులే," అంది. ఇద్దరం నవ్వాం, ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. ఆ పూట పని ఏమీ సాగలేదు.

సోమవారం పాస్టరుగారిని అడిగి ఆవిడ బస్సు ఏ దారిన వెళ్తుందో తెలుసుకుని, ఇద్దరం స్టాపులో నిలబడ్డాం. మూడు బస్సులు వదిలేశాక నాలుగోదాంట్లో ఆవిడ కనిపించింది. ఎక్కాం. ఎక్కడికమ్మా అని తలెత్తకుండా అడిగింది. ఎక్కడికైనా పర్లేదు అన్నాను. అలాంటి టికెట్ మా దగ్గర లేదండీ అంటూ తలెత్తి, మమ్మల్ని చూసి ఆగిపోయింది. ఆఖరి స్టాపుకు రెండు టికెట్లు తీసుకున్నాను.

పైన కమ్మీ పట్టుకుని ఊగుతూ నిలబడ్డాను. తిట్టడానికైతే మాటలు వరసలో నిలబడి వచ్చేవి, ఇప్పుడు ఒక్కటీ రాదు. ముందు సీటులోని పెద్దాయన చెవులు రిక్కించి మరీ వింటున్నాడు. విననీ అనుకున్నాను. పెద్దమ్మ మా అన్నల ముందు చెప్పలేదూ.

"ఆ రోజు మిమ్మల్ని అన్న మాటలు దీని నోట వచ్చాయి గానీ, అవి నావమ్మా. తప్పు నాది. నన్ను క్షమించండి."

ఆవిడ ముందుకు వెళ్ళి నలుగురికి టికెట్లిచ్చి వచ్చింది. మా తోడికోడలు నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. తిరిగి వచ్చాక కండక్టరమ్మ మెల్లగా మాట్లాడింది.

"రోజంతా నిలబడే ఉంటానండీ. బస్సు ఆలస్యమైతే నన్నే తిడతారు, ఆపకపోయినా నన్నే తిడతారు. గురువారం ఆ స్టూలు మీద గంటసేపు కూర్చుని మంచి మాట వినొచ్చని వచ్చేదాన్ని. అక్కడా తిట్లేనంటే ఈ బస్సే నయం కదా."

నిజమేనమ్మా అన్నాను. పెద్దాయన కూడా నిజమేనన్నాడు. ఆఖరి స్టాపుదాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చాం. దిగేటప్పుడు ఆవిడే అంది, గురువారం డ్యూటీ దిగేసరికి రెండవుతుంది, మీ కొట్టు చేరేసరికి ఇంకో పావుగంట, చదవడం కుదురుతుందని మాటివ్వలేను అని. నేను ఏదో అనబోయి నోరు మూసుకున్నాను. మా తోడికోడలే రండి చాలు అంది.

గురువారం మా ఆయన వాలుకుర్చీ కొట్టులోకి తెచ్చి పెద్దమ్మ మిషన్ పక్కన వేశాను. ఆయన సణిగాడు, నేను సిస్టర్ అనలేదు గానీ ఆ చూపు చూశాను, ఊరుకున్నాడు. రెండుంబావుకు కండక్టరమ్మ సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది. కుర్చీని చూసి, మమ్మల్ని చూసి, బూట్లు విప్పి వెనక్కి వాలింది. మా తోడికోడలు ఒళ్ళో కుట్టు పని పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పది వచనాలు కాకముందే ఆవిడ తల పక్కకు ఒరిగింది.

మా తోడికోడలు ఆగింది. పెదాల మధ్య నుంచి సూది తీసింది. తల వంచింది, కళ్ళు పైకెత్తింది.

"సిస్టర్!"

కండక్టరమ్మ ఉలిక్కిపడి లేచింది, చెయ్యి సంచీ కోసం వెతికింది. మాట్లాడనని మాటిచ్చాను కాబట్టి కత్తెర గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మా తోడికోడలు నాలుక కరుచుకుంది. సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టి, లేచి ఆవిడ కుర్చీ ముందు నేల మీద కూర్చుంది.

"తప్పు నాది. నన్ను క్షమించండి. మీరు వాలి పడుకోండి, నేను చదువుతాను. వినపడినంత వినండి."

ఆవిడ మళ్ళీ వాలింది. అధ్యాయం అంతా మెల్లగా చదివింది మా తోడికోడలు. అయిపోయాక ప్రార్థన కూడా అదే చేసింది. ఆమెన్ నాకంటే ముందు కండక్టరమ్మ గొంతులోంచి వచ్చింది, కళ్ళు మూసుకునే. మూడయింది, నేను షట్టరు ఎత్తలేదు. బయట ఎవరో ప్యాంటు కోసం షట్టరు తట్టారు, తట్టనీ అనుకున్నాను.

మా తోడికోడలు నా దగ్గరికి జరిగి, ఆవిడకు వినపడకుండా అడిగింది.

"ఎలా చెప్పానక్కా?"

"అచ్చం పెద్దమ్మలాగే చెప్పావు," అన్నాను. అది పెద్దమ్మను ఒక్కసారి కూడా చూడలేదు.