ఎటు తిప్పమంటావు?

మా ఆయన ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. ఇంటి గోడలకు రంగు ఆయనే చూశాడు, నా కళ్ళజోడు ఫ్రేము కూడా ఆయనే ఎంచాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు కదా, తను బటన్ నొక్కితే లోకమంతా ఆ అంతస్తులోనే దిగాలనుకుంటాడు. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం వాళ్ళక్క రాగానే పిల్లి అయిపోతాడు. మూలగదిలో బండలాంటి పాత కంప్యూటర్ ముందు ఇద్దరూ కూర్చుంటారు. ఇక అడుగడుక్కీ ఒకటే మాట: "అక్కా, ఎటు తిప్పమంటావు?"

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

అది వాళ్ళ చిన్నప్పటి ఆట. బొమ్మలు కూడా సరిగ్గా ఉండవు. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలు, అవి గోడలట. ముగ్గురు సాహసికులు నేల కింద చిక్కుదారుల్లో తిరుగుతూ రాక్షసుల్ని చంపుతుంటారు. కత్తి పట్టినవాడు మా ఆయన. మంత్రగత్తె మా వదిన. తాళాలు తీసే దొంగకి వాళ్ళు చిన్నప్పుడు పెంచుకున్న కుక్క పేరు పెట్టారు. అంటే కుక్కకి కూడా చోటుంది, నాకు లేదు.

"ఫోన్లో ఎన్ని కొత్త ఆటలు లేవు? ఈ డొక్కు ఆట ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"వాటిల్లో బాణం గుర్తు ముందే దారి చూపించేస్తుంది. ఇందులో మన దారి మనమే వెతుక్కోవాలి, మనమే గీసుకోవాలి," అన్నాడు.

గీసేది వదిన. గళ్ళకాగితాలు అతికించి అతికించి దుప్పటంత మ్యాపు చేసింది. మందుల షాపులో వారమంతా డాక్టర్ల కోడిగీతలు చదివే మనిషి, ఈ మ్యాపు మీద మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తుంది. నేను టైలర్ని. నా చేతి గీత చూసి మెచ్చుకోనివాళ్ళు లేరు. ఈ ఇంట్లో నన్ను టీ పెట్టమన్నారు గానీ గీత గీయమన్నవాళ్ళు లేరు.

మొన్న ఆదివారం టీ కప్పులు ఠక్కున బల్లమీద పెట్టి, "నేనూ ఆడతా," అన్నాను.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "ముగ్గురికే చోటుందే," అన్నాడు మా ఆయన.

"ఆ కుక్కని తీసెయ్యండి."

ఆయన ఆలోచించాడు. ఎప్పుడో చచ్చిన కుక్కా, కట్టుకున్న పెళ్ళామా అని నిజంగానే ఆలోచించాడు! చివరికి వదినే, "ఆటలో పైన ఊరి సత్రం ఉందిగా, అందులో వదిలేద్దాంలేరా, హాయిగా ఉంటాడు. రావే మరదలా, కుర్చీ తెచ్చుకో," అంది.

ఆవిడ మంచిగా మాట్లాడినకొద్దీ నాకు ఇంకా మండింది. గయ్యాళి ఆడపడుచైతే ఎదురు తిట్టి ఊరుకునేదాన్ని.

నాకొక విల్లు ఇచ్చారు. మొదటి మెట్ల దగ్గరే ఎలుక కరిచి సగం ప్రాణం పోయింది. వదిన మంత్రం వేసి నయం చేసింది. అదీ ఆవిడే. దిగుతూ దిగుతూ ఉంటే ఒకచోట దారి రెండుగా చీలింది. మా ఆయన అలవాటుగా "అక్కా, ఎటు" అనబోయి, ఆగి, నావైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. ఎటు తిప్పమంటావు?"

నన్నే అడిగాడు! ఇంతలో మ్యాపు మీద వదిన చూపుడువేలు, నాకొక్కదానికే కనపడేలా, ఎడమకి జరిగింది. ఆ సాయం పుండు మీద కారం చల్లినట్టయింది. ఆవిడ మాట నా నోటితో చెప్పాలా?

"కుడికి," అన్నాను.

కుడివైపు ఒక పెద్ద రాక్షసుడు కాచుక్కూర్చున్నాడు. నా మీదికే వచ్చాడు. వదిన తన మంత్రగత్తెని నాకు అడ్డంగా నిలబెట్టింది. ఒక్క దెబ్బకి తెర మీద మంత్రగత్తె పేరు పక్కన పుర్రె గుర్తు పడింది. మా ఆయన ఎలాగోలా రాక్షసుణ్ణి పడగొట్టాడు.

"మళ్ళీ మొదట్నుంచి ఆడదామండీ," అన్నాను.

"ఇందులో జరిగింది చెరిపేసి మళ్ళీ ఆడటం ఉండదు. శవాన్ని మోసుకుంటూ పైకి, వైద్యుడి దగ్గరికి చేర్చాలి. దారిలో మనమూ పోతే అక్క ఇక లేనట్టే. చిన్నప్పట్నుంచీ పెంచుకున్న మంత్రగత్తె అది."

"వదినా, పొరపాటైంది. ఎటెళ్ళాలో చెప్పు," అన్నాను. వదిన పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది.

"మాట్లాడదు," అన్నాడు మా ఆయన. "చచ్చినవాళ్ళు బతికేదాకా నోరు విప్పకూడదు. చిన్నప్పుడు మేం పెట్టుకున్న రూలు. ఒకసారి నేను పోతే, రాత్రి అన్నం కూడా సైగలతోనే అడిగాను."

వదిన మ్యాపు తీసి నా ఒళ్ళో పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఇక ప్రతి మలుపూ నాదే. "ఎటు?" ఎడమకి. "ఎటు?" తిన్నగా. ఆయన నా మొహంకేసే చూస్తున్నాడు. నేను చెప్పేదాకా వేలు కదపడం లేదు. పెళ్ళయ్యాక నన్ను ఇంతసేపు చూసిందే లేదు. వదిన తెరవైపు చూడటం లేదు. తన తమ్ముడు నన్ను అడగడం చూస్తోంది. ఆవిడకి కడుపు మండుతోందని నాకు తెలిసిపోయింది. నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

చివరి మలుపు వచ్చింది. కుడికి తిరిగితే పైకి మెట్లు. మ్యాపులో స్పష్టంగా ఉంది. మెట్లెక్కితే మంత్రగత్తె లేస్తుంది, వదిన నోరు విప్పుతుంది.

"ఎటు తిప్పమంటావు?" అన్నాడు మా ఆయన.

నేను మ్యాపు అటూ ఇటూ తిరగేశాను.

"చెప్పవే, ఎటు?"

"ఉండండి, ఇంకా చూస్తున్నా," అన్నాను.