ఏమీ లేదన్న బీడు

తప్పు నాదే. ముందే చెప్పేస్తాండా, మల్ల మీరు మున్సిపాలిటీ వాళ్లనో, మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసరునో తిట్టుకుంటా కూచోవద్దండి. ఆయప్ప అడిగినాడు, నేను చెప్పినాను, ఆయప్ప రాసుకున్నాడు. మర్యాదస్తుడు గూడా. ఎండలో నాకు తన కుండలో నీళ్లు పోయించినాడు.

నా పేరు దాసన్న. ఊర్లో దండోరా వేసేది నేను. పండ్లు రాని బిడ్డ ఎవురింట్లో సచ్చిపోయినా ఎత్తుకపోయి పూడ్చేదీ నేనే. రెండూ మా ఇంటికి తాతల నాడు వచ్చిన పనులు. మొదటి పనికి వీధిలోకి రమ్మంటారు, రెండో పనికి పెరటి వాకిట్లోకి రమ్మంటారు, అంతే తేడా.

అది ముప్పై ఆరో సంవత్సరం, వానలు మొగం చాటేసిన ఏడు. ఊరు మాత్రం కరువుకు ఆగలే. హంద్రి ఏరు దాటి కల్లూరు దోవ పట్టుకొని ఇండ్లు పోతానే ఉండె. ఎవురికి తోచినట్ల వాళ్లు కట్టుకుంటే కుదరదని, యాడ బజారు, యాడ ఇండ్లు, యాడ రోడ్డు అని ముందే ప్లాను గీయాలని సర్కారు ఆర్డరు. కొలిచేదానికి ఆఫీసరు గొలుసు పట్టుకొని వచ్చె. జెండాలు మోసేదానికి నన్ను తోలిరి.

మూడో దినం తుమ్మబీటికి వస్తిమి. నాలుగెకరాల బీడు. పడమటి దిక్కున ఒక నల్లతుమ్మ. రాయి లేదు, గుడి లేదు, మేకలు మేసేదానికి గూడా ఏమీ లేదు. ఆఫీసరు చుట్టూ చూసి, ఈడ గోరీలు గానీ, బాయి గానీ, ఏమన్నా ఉండాయా అని అడిగె.

నా నోరు దానంతట అదే తెరుచుకొని, ఏమీ లేదు సామీ, అనె.

ఇరవై ఏండ్ల అలవాటప్పా అది. పండ్లు రాని బిడ్డను మాలో కాల్చరు, పూడుస్తారు. రెడ్ల బిడ్డయినా, కోమట్ల బిడ్డయినా, మా బిడ్డయినా, ఆ తుమ్మబీడే. తండ్రి తుమ్మచెట్టు దాకా ఎత్తుకొస్తాడు, నా చేతుల్లో పెడతాడు, ఎనక్కి తిరిగి చూడకుండా పోతాడు. నేను పూడ్చి, నేల సదును చేసి, పైన కంప ఈడ్చేస్తా. గుర్తు పెట్టగూడదు. తల్లికి తావు తెలిసి, ఆడికి పోయి ఏడిస్తే, మల్ల కడుపున పడే బిడ్డ నిలవదని మావాళ్ల నమ్మకం. అందుకే ఆ తల్లి ఎప్పుడన్నా దోవలో అడ్డమొచ్చి, యాడ పెట్టినావు దాసన్నా అని అడిగితే, ఆడ ఏమీ లేదు తల్లీ అనాల. కండ్లలోకి చూసి అనాల. ఇరవై ఏండ్లు అదే అన్నా. ఆఫీసరు అడిగితే గూడా అదే వచ్చె. ఆయప్ప కాగితం మీద ఖాళీ అని రాసుకొనె.

ఆ బీట్లో నా బిడ్డ గూడా ఉండాది. ఎనిమిది నెలల పిల్ల, పుల్లమ్మ అని పేరు. పూడ్చేవాడు సొంత బిడ్డను పూడ్చగూడదు. అందుకని నాకు ఈ పని నేర్పించిన పెద్ద ఈరన్న, నాకు మామ వరస, ఆయప్ప తీసుకొనె. నేను గూడా అందరి మాదిరే తుమ్మచెట్టు కాడ బిడ్డనిచ్చి, తిరిగి చూడకుండా వచ్చేస్తి. మూడేండ్లకు ఈరన్న మామ కలరాలో పాయ. నేను అడగలే, ఆయప్ప చెప్పలే. నేను పూడ్చిన ప్రతి బిడ్డ తావూ నా కాలికి తెలుసు. నా బిడ్డ తావొక్కటే తెలీదు.

ఈ సంగతి నా పెండ్లాం గిడ్డమ్మకు నేను చెప్పలే. నాకు తెలుసని, తెలిసి గూడా కట్టుబాటు కోసరం దాస్తాండానని అది అనుకుంటాండె. పన్నెండేండ్లలో మూడుసార్లు అడిగె. మూడుసార్లూ, ఆడ ఏమీ లేదే అంటి. ఎవురికీ తెలీదని తెలిసేకంటే, మొగుడు దాచినాడని కోపం పెట్టుకునేదే దానికి మేలు అనుకుంటి. పుల్లమ్మ తర్వాత మాకు రెండు కాన్పులు పోయినాయి. ఏదీ నిలవలే.

గొలుసు వేసి వచ్చిన దినం, పొద్దు గూకే యాళ, వాకిట్లో కూచోనుంటే నా చేతుల మీద బరువు పడె. కండ్లకేమీ కనపడలే. పసిబిడ్డను పడుకోబెట్టినంత బరువు, తడిగుడ్డలో చుట్టినంత సల్లదనం. నేను మోచేతులు అట్లే మడిచిపెట్టుకొని కదలకుండా ఉంటి, యాడ జారి పడుతుందో అని. దీపం పెట్టే యాళకు పాయ. మర్నాడు మల్ల అదే యాళకు వచ్చె, ఈసారి ఇద్దరి బరువు. ఆ తర్వాత ముగ్గురిది. ఏమయ్యా చేతులట్ల పెట్టుకున్నావు అని గిడ్డమ్మ అడిగితే, నొప్పిలే అంటి. నాకు భయమయ్యేది. భయంకంటే సిగ్గు ఎక్కువయ్యేది.

ప్లాను తయారై ఆఫీసు గోడకు అంటించిరి. తుమ్మబీటి నడిమధ్యన రోడ్డు, రెండు పక్కలా అంగళ్లు. ఎవురికన్నా ఆక్షేపణ ఉంటే అరవై దినాల్లోగా రాసిచ్చుకోవాలని దండోరా వేయమనిరి. నా తప్పును నేనే తప్పెట కొట్టి వీధి వీధికీ చెప్పుకుంటా తిరిగితి.

జనం బాగానే వచ్చిరి. ఒకాయనకు మురుగుకాలువ తన గోడ పక్కన పోగూడదు, ఎదురింటాయన గోడ పక్కన పోతే శానా మంచిది. ఇంగొకాయనకు బజారు ఆయన సేను కాడికే నడిచి రావాల. తుమ్మబీటి సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలే. ఆ గోడ కాడ నిలబడి గీతలు చూసినోళ్లలో, నా చేతుల్లో బిడ్డను పెట్టిన తండ్రులే పదిమంది ఉండిరి. నన్ను చూసి మొగం తిప్పుకొనిరి. వాళ్లనేమంటాం? గుర్తు పెట్టగూడదని పెరిగినోళ్లు, కాగితం మీద గుర్తు ఎట్ల పెడతారు?

కచేరి కాడ అర్జీలు రాసే ఖాజా మొహిద్దీన్ సాయిబు దగ్గరికి పోతి. ఆయప్ప అంతా విని, కలం కింద పెట్టి చెప్పె. "మా గోరీలకు రాళ్లుండాయి గాబట్టి గీత పక్కకు తిరిగె. మీకు రాయి లేదు. రాయి లేని కాడ మనిషే వచ్చి నిలబడాలప్పా దాసన్నా. నువ్వే వేలిముద్ర వేయి, నీ బిడ్డ గూడా ఉండాది కదా."

వేస్తే, యాడుండాది చూపించు అంటారు. గిడ్డమ్మ ముందర నాకు తెలీదని చెప్పుకోవాల. ఆ మాట సాయిబుతో అనలేక, ఏదో పనుండాదని లేచి వచ్చేస్తి. పిరికి ముండాకొడుకుని, ఎవురో అనేదెందుకు, నేనే అనుకుంటాండా.

యాభై నాలుగో దినానికి నా చేతుల మీద బరువు ఎంతయ్యిందంటే, సంగటి ముద్ద నోటి దాకా ఎత్తలేకపోతి. ఆ పొద్దు రెడ్ల వీధిలో తప్పెట కొట్టి, ఆఫీసు వాళ్లు నేర్పించిన మాటలన్నీ చెప్పి, ఆగి, ఇంగొకసారి కొడితి.

"వినండి తల్లులారా. తుమ్మబీట్లో ఏమీ లేదని మీకు చెప్పింది అబద్ధం. మీ బిడ్డలు ఆడే ఉండారు. వాళ్ల మీద రోడ్డు వేస్తాండారు. వచ్చి చెప్పుకోండి."

వీధిలో చాటల సప్పుడు ఆగిపాయ. ఒక అరుగు మీద నుంచి ఎవురో చెప్పు ఇసిరిరి, నా భుజానికి తగిలె. ఆ ఇంట్లో నుంచే రామసుబ్బమ్మ, పెద్దకోడలు, గడప దాటి వీధిలోకి వచ్చె. లోపల నుంచి మొగుడు పిలుస్తానే ఉండాడు. ఆయమ్మ నా ముందర నిలబడి, నా కొడుకు గూడా ఆడ ఉండాడా దాసన్నా అని అడిగె. ఉండాడమ్మా, తూర్పు దిక్కున, తల దక్షిణానికి పెట్టి పండబెట్టినా అని చెప్తి. ఆయమ్మ ఆడే వీధిలో, మట్టిలో కూలబడిపాయ.

మర్నాడు సాయిబు చాప ముందర ఆడోళ్లు బారు కట్టిరి. కోమట్లమ్మలు, రెడ్లమ్మలు, చాకలోళ్లు, మావాళ్లు, ఒకరెనక ఒకరు. అరవయ్యో దినానికి ముప్పై రెండు వేలిముద్రలు. మొగోళ్లు ఎవురూ రాలే. అర్జీలన్నీ చదివి ఆఫీసరు తలపట్టుకొనె. బీడంతా వదిలేదానికి తనకు అధికారం లేదనె. గుంత చూపిస్తే, ఆ గుంతల చుట్టూ గోడ కట్టించి వదిలేస్తాం, రోడ్డు పక్కకు జరుపుతాం, చూపించని తావు మాత్రం ప్లాను ప్రకారమే పోతాది అనె. చూపించేది ఇంగెవురు, నేనే.

తెల్లారి బీటికి అందరం పోతిమి. ఒక్కో అమ్మ పేరు పిలుస్తారు, ఆయమ్మ వస్తాది, నేను నడిచి పోయి ఒక తావున నిలబడి, సున్నం పూసిన రాయి పెడతా. నా కాలు తడబడలే. ఇరవై ఏండ్ల కింద పెట్టినోళ్ల కాడ గూడా తడబడలే. రాయి పెట్టినప్పుడల్లా నా చేతుల మీద నుంచి ఒకరు దిగిపోతాండారు, నాకు తెలుస్తాండాది. తల్లులు నేలకు చెంప ఆనిచ్చి పడుకొనిరి. ఒకామె ఇరవై ఏండ్ల నాటి పాలు ఇప్పుడు తన్నుకొచ్చినట్ల ఎద పట్టుకొనె. ఆ ఏడుపు ఇంటే మీకు అన్నం పోదు.

అంగళ్ల కోసరం ఆ బీటి మీద ఆశ పెట్టుకున్న ఒక షావుకారు గూడా ఆడికి వచ్చినాడు. వీనికి ఇన్నేండ్ల నాటివి ఎట్ల గుర్తుంటాయి, నోటికొచ్చినట్ల చూపిస్తాండాడు అని గొడవ పెట్టె. ఆఫీసరు నన్ను తేరిపార చూసి, అందరికీ ఇనపడేటట్ల చెప్పె. "ఒక్కటి అబద్ధమని తేలినా, అన్నీ కొట్టేస్తాను."

ముప్పై ఒక్క రాయి పడె. అన్నీ బీటికి నడిమధ్యన, తూర్పున. పడమట కంప ఎక్కువని నేనెప్పుడూ ఆ దిక్కు పూడ్చలే. ఇంగైతే రోడ్డును పడమట తుమ్మచెట్టు పక్కగా తీసుకపోతామని ఆఫీసరు పెన్సిలుతో గీత గీసె. తర్వాత ఆఖరు కాగితం చదివె.

గిడ్డమ్మ.

నాకు చెప్పకుండా ఎప్పుడు పోయి వేలిముద్ర వేసిందో. కొంగు తల మీద కప్పుకొని ముందుకు వచ్చి, నా మొగం చూస్తా నిలబడె. పన్నెండేండ్లుగా నోటితో అడిగింది ఇప్పుడు సర్కారు కాగితం మీద అడిగె. చుట్టూ ముప్పై ఒక్క తల్లులు, ఆ పక్కన షావుకారు, ఎదురుగా ఆఫీసరు.

నాకు తెలీదని చెప్పొచ్చు. చెప్తే, మిగతావన్నీ ఎట్ల తెలిసెరా నీకు అంటారు. అది ఒకటి. నిజం చెప్పాలంటే ఆ పొద్దు నాకు అది గూడా తోచలే. గిడ్డమ్మ కండ్లలో ఇన్నేండ్లకు కోపం లేదు, ఆశ ఉండాది. దానికి ఏదో ఒక తావు ఇయ్యాల, అది కూచొని ఏడ్చుకునేదానికి ఒక రాయి ఉండాల, అంతే అనుకుంటి. రాళ్ల నడుమ కొంచెం సందుండాది. ఆడికి నడిచి పోయి నిలబడితి.

"ఈడే గిడ్డమ్మా," అంటి.

గిడ్డమ్మ కదల్లే. నా కాళ్ల కింద నేలను చూసె, తర్వాత నన్ను చూసె. అట్ల ఎప్పుడూ చూడలే, పెండ్లినాటి నుంచి ఎప్పుడూ చూడలే. ఆఫీసరు, ఇదేనా అమ్మా, అని అడిగె. అది ఒకసారి ఆ తల్లులందరి దిక్కు తిరిగి చూసి, ఇదే సామీ, మా పుల్లమ్మ ఈడే ఉండాది, అనె. నేను రాయి పెడితి. మిగతావాళ్ల మాదిరే అది గూడా వంగి నేలను తాకె.

ఇంటికి పోయేటప్పుడు హంద్రి ఇసకలో నా ఎనకాల నడుస్తాండినది, ఆగి చెప్పె.

"ఈరన్న మామ సచ్చిపోయే ముందర నాకు చెప్పినాడు. తుమ్మచెట్టుకు పడమర, ఏడడుగులు. కట్టెలకని చెప్పి పోయి, ఆడ కూచొని ఏడ్చేదాన్ని. అందుకే మనకు మల్ల బిడ్డలు నిలవలేదని, నీకు తెలిస్తే సంపుతావని దాచుకుంటి. నీకు తావు తెలుసనే అనుకుంటి, నీ నోటితో చెప్తావేమో అనే అడుగుతాంటి. ఈ పొద్దు నువ్వు ఆ సందులో నిలబడినాక తెలిసె, నీకు తెలీదని."

ఆడనే ఏంటికి చెప్పలే అని అరిస్తి. నాకు తెలుసు ఏంటికో. అయినా అరిస్తి.

"చెప్పింటే ఆ రాళ్లన్నీ పీకేసేవాళ్లు కదయ్యా," అనె. "తెలీదని నువ్వు ఇంట్లో ఒక్క మాట చెప్పింటే, నేను చెప్పేదాన్ని. ముందే పోయి ఆడికే రాయి పెట్టింటిమి."

రోడ్డు పడె. తుమ్మచెట్టు కొట్టేసిరి, కంకర తోలిరి, గుండు దొర్లిచ్చిరి. రాళ్ల చుట్టూ మాటిచ్చినట్లే గోడ కట్టిరి. ఏడాదికొకసారి తల్లులంతా పసుపు కుంకుమ తీసుకొని ఆడికొస్తారు, రెడ్లమ్మలని లేదు, మావాళ్లని లేదు, పక్కపక్కనే కూచుంటారు. గిడ్డమ్మ గూడా వస్తాది. రాకపోతే అనుమానపడతారు గదా. నేను చూపిచ్చిన రాయి కాడ కూచొని, పసుపు పెట్టి, అందరి మాదిరే ఏడుస్తాది. మొగం మాత్రం రోడ్డు దిక్కు పెట్టుకొని ఏడుస్తాది.