రీమ్ ఎవరి కోసం పరిగెత్తింది

నాకు కోపం ఎక్కువ. ఊళ్లో నా భార్య ముత్యవ్వను అడిగినా అదే చెబుతుంది, ఇక్కడ నాతో పాటు పనిచేసే ఇష్తియాక్‌ను అడిగినా అదే చెబుతాడు. ఇక్కడ అంటే గల్ఫ్‌లో, నైరియా పోయే రోడ్డు మీద ఒక మజ్రా. ఖర్జూరపు తోట, గొర్రెల దొడ్డి, మా ఇద్దరికీ ఒక గది. మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ అబూ మాజిద్ అల్ ఖోబర్ పట్నంలో ఉంటాడు. గురువారం సాయంత్రం వచ్చి శనివారం పోతాడు. మిగతా రోజుల్లో మజ్రా మాది, మా మీద పెత్తనం మాత్రం కుక్కలది.

కుక్క అనకూడదట. నేను కొత్తలో అలా అంటే అబూ మాజిద్ మొహం చిట్లించాడు. మామూలు కుక్క అయితే గుడారం లోపలికి రానివ్వరు, ముట్టుకుంటే చేతులు కడుక్కుంటారు. సలూకీ సంగతి వేరు. అది వేటజాతి, ఇంటి మనిషి కింద లెక్క. పరుపెక్కి పడుకున్నా ఎవరూ అదిలించరు. నేనే నేల మీద పడుకుంటున్నాను, దానికి పరుపేమిటని మొదట్లో నాకు మండిపోయేది.

అట్లాంటి నాకు రీమ్ అనే సలూకీని అప్పజెప్పారు. పాలు మరిచిన పిల్లగా వచ్చింది. చెవులకు కుచ్చుల్లాంటి వెంట్రుకలు, సన్నటి కాళ్లు, బయటికి కనబడే పక్కటెముకలు. దీనికి ఎవరూ తిండి పెట్టలేదని కఫీల్ మీదే కోపం వచ్చింది. మేం వండుకున్న అన్నంలో కోడిమెడలు కలిపి దొంగతనంగా పెట్టాను. కొన్నాళ్లకు పక్కటెముకలు మాయమయ్యాయి. అబూ మాజిద్ వచ్చి చూసి, దీన్ని గొర్రెను చేశావు కదరా అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ జాతి ఒళ్లే అంతట. ఆ ముక్క ముందే చెప్పి ఏడిస్తే నా అన్నమన్నా మిగిలేది.

పరుగు నేర్పే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. మేకతోలులో గుడ్డలు కుక్కి, పొడుగాటి తాడుతో పికప్ వెనక కట్టి ఇసుకలో లాగాలి. పొద్దున్నే ఇష్తియాక్ రీమ్‌ను పట్టుకునేవాడు, నేను బండి నడిపేవాణ్ని. అతను వదలగానే అది దూసుకొచ్చేది. అద్దంలో చూస్తుంటే కాళ్లు నేలకు ఆనుతున్నాయా లేదా అనిపించేది. చివర్లో నేను బండి ఆపి దిగి, నా చేత్తో మాంసం ముక్క పెట్టాలి. తలుపు పూర్తిగా తెరవకముందే ముందుకాళ్లు రెండూ నా ఛాతీ మీద ఉండేవి. ఇది నా బతుకులో అన్నిటికంటే మంచి పని అని ఇష్తియాక్‌తో అన్నాను. అతను నవ్వాడు గానీ వెక్కిరించలేదు.

చలికాలం వచ్చింది. వయసొచ్చిన సలూకీలకు మొదటి పరీక్ష పెడతారు. అందులో నెగ్గితే రీమ్ మజ్రాలోనే ఉంటుంది. నెగ్గకపోతే హఫర్ అల్ బాతిన్ అవతల ఉన్న తన చుట్టం గొర్రెల మందకు పంపేస్తానని అబూ మాజిద్ ముందే చెప్పాడు. ఆ మంద దగ్గరికి ఒకసారి దాణా దింపడానికి పోయాను. అక్కడ కుక్కలను నీళ్ల ట్యాంకర్ చక్రానికి కట్టేస్తారు. రీమ్‌ను అట్లా కడతారని తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు. ఫోన్లో చెబితే ముత్యవ్వ నవ్వింది.

"బిడ్డ పరీక్షలకు గూడ గింత రంధి పెట్టుకోలేదు నువ్వు" అంది.

పరీక్ష రోజు పొద్దున పట్టిన మంచు తొందరగానే విడిపోయింది. బయలు మైదానంలో వరసగా పికప్పులు, అన్నీ తెల్లవే. తోలు లాగే బండి పరీక్ష పెట్టేవాళ్లది, అందులో వాళ్ల డ్రైవర్ తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. తీర్పు చెప్పే ముసలాయన మెడలో బైనాక్యులర్ వేసుకుని కూర్చున్నాడు. వదిలిన కుక్క వెనక్కి చూడకుండా తోలు వెంట పడాలి, బండి ఆగేదాకా తోలును వదలకూడదు. రెండుసార్లు అవకాశం ఇస్తారు. పెంచినవాడే పట్టుకుని వదలడం వీళ్ల మర్యాద. కాబట్టి రీమ్‌ను నేనే పట్టుకోవాలని అబూ మాజిద్ అన్నాడు. అందరి ముందూ నన్ను పెంచినవాడు అన్నందుకు నాకు ఛాతీ ఉప్పొంగింది.

జెండా దిగింది. వదిలాను. తోలు ఒక్కటే ఇసుకలో ఎగురుకుంటూ పోయింది. రీమ్ కదల్లేదు. నా మొహంలోకి చూసి తోక ఊపి, నా పాదం మీద కూర్చుంది.

జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నవ్విన వాళ్ల మీదా, దాని మీదా, నా మీదా అన్నది తేలలేదు. అబూ మాజిద్ నవ్వలేదు, తిట్టలేదు. రెండోసారి కూడా ఇంతే అయితే రేపే బండి పంపమని చుట్టానికి చెబుతానన్నాడు. అంతే, టీ తాగడానికి పోయాడు.

ఇష్తియాక్ నన్ను పక్కకు లాగి తన హిందీలో ఒకటే అడిగాడు. ఇది రోజూ ఎవరి వైపు పరిగెత్తింది, ఎప్పుడైనా నీ నుంచి దూరంగా పరిగెత్తిందా అని. అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఇన్నాళ్లూ దానికి మేకతోలు అక్కరే లేదు. బండిలో నేనున్నానని వచ్చేది. నేను పక్కనే ఉంటే ఇంక ఎక్కడికి పోతుంది, ఎందుకు పోతుంది?

మర్యాద తప్పినా సరే, రెండోసారి ఇష్తియాక్ పట్టుకుంటాడని అబూ మాజిద్‌ను బతిమాలాను. ముసలాయన ఒప్పుకున్నాడు. అప్పుడు రీమ్ చూస్తుండగా తోలు లాగే బండి దగ్గరికి నడిచాను. అది కళ్లార్పకుండా నన్నే చూస్తోంది. నేను ఎక్కానని దానికి అనిపించేలా బండి అవతలికి పోయి, డ్రైవర్‌కు సలాం చెప్పి, అక్కడే వంగి, పికప్పుల చాటున పాక్కుంటూ మా బండి చేరాను. వెనక ఎక్కి టార్పాలిన్ కింద పడుకున్నాను. చూసినవాళ్లు ఏమనుకున్నారో నాకు అనవసరం.

అట్లా దాక్కోవడం నాకు కొత్త కాదు. మా దిక్కు గల్ఫ్ పోయేవాళ్లు చిన్నపిల్లల ముందు బ్యాగు ఎత్తరు. పిల్లను పక్కింటికి పంపి, అది తిరిగొచ్చేలోపు ఆటో ఎక్కుతారు. అందరూ చేసే పనే, ఏళ్ల కింద మొదటిసారి వచ్చేటప్పుడు నేనూ చేశాను. మా బిడ్డ సృజన అప్పుడప్పుడే ముద్దుముద్దుగా మాట్లాడుతోంది. అట్లా పోతే ఏడుపు తగ్గుతుందని పెద్దవాళ్లు అంటారు. ఎవరి ఏడుపో చెప్పరు.

హారన్ వినిపించింది. తరవాత అరుపులు, పక్కన పరిగెత్తే బండ్ల చప్పుడు. తల పైకెత్తి చూడాలని ప్రాణం కొట్టుకుంది. నేను కనబడితే అది తోలును వదిలి ఇటు వచ్చేస్తుంది. టార్పాలిన్ అంచును పళ్లతో కరిచిపట్టుకుని పడుకున్నాను. అంత కష్టపడి పెంచిన దాని మొదటి పరుగు నేను చూడలేదు.

ఇష్తియాక్ వచ్చి టార్పాలిన్ లాగేశాడు. నెగ్గిందన్నాడు. వెనక్కి చూడనే లేదట, తోలును ఒక్క క్షణం వదల్లేదట, ముసలాయన లేచి నిలబడి చూశాడట. బండి ఆగాక మాత్రం తోలును వదిలి తలుపు దగ్గరికి ఉరికిందట. డ్రైవర్ దిగాడు. రీమ్ వెనక్కి జరిగిందట. అతను మాంసం ముక్క చూపించినా ముట్టలేదని చెప్పి, ఇష్తియాక్ నా మొహం చూడకుండా తాడు చుట్టుకున్నాడు.

నేను పోయేసరికి అబూ మాజిద్ చుట్టూ జనం. ఆయన నన్ను దగ్గరికి పిలిచి, తన కప్పులోనే కాఫీ పోసి ఇచ్చాడు. రీమ్ నా రెండు చేతులూ వాసన చూసింది. ఛాతీ మీద కాళ్లు పెట్టలేదు. పరిగెత్తి అలసిపోయిందని అనుకున్నాను.

రెండు రోజులు దానికి విశ్రాంతి ఇచ్చి, మళ్లీ ఎప్పటిలాగే మజ్రాలో తోలు కట్టాం. నేనే బండి నడిపాను. రీమ్ ఎప్పటికంటే బాగా పరిగెత్తింది. బండి ఆపి తలుపు తీశాను. కాళ్లు రాలేదు. అది దూరంగా నిలబడి, తలుపు వెనక నుంచి ఎవరు దిగుతారా అని చూస్తోంది. నేను దిగాను. అయినా కాసేపు చూస్తూనే ఉంది.

మొదటి సెలవుకు ఇంటికి పోయినప్పుడు సృజన కూడా ముత్యవ్వ కొంగు వెనక నిలబడి నన్ను ఇట్లాగే చూసింది. నాన్ననే మరిచిపోయావా అని అందరి ముందూ పిల్ల మీద అరిచాను.

మాంసం ముక్క చేతిలో పట్టుకుని ఇసుకలో కూర్చున్నాను. ఈసారి అరవలేదు, రీమ్‌ను రమ్మని పిలవలేదు. అదే వచ్చేదాకా ఊరుకున్నాను.