పాతర మూత

మా కోసా జనం నుంచి తెల్ల రైతులను కాపాడడానికి కోట కావాలన్నారు ఇంగ్లీషు దొరలు. దాన్ని మా చేతనే కట్టించారు. అదీ మా మామ పశువుల దొడ్డి మీద. ఇంతకంటే సిగ్గులేనితనం మీరెక్కడైనా చూసుంటే చెప్పండి, వింటాను.

నేను కళ్ళారా చూశాను. యుద్ధంలో మా ఆవులన్నిటినీ తోలుకుపోయారు. కేయిస్కమా ఏటి ఒడ్డున చేలు తగలబెట్టి, ఆ నేలనే ఓడలు దిగి వచ్చినవాళ్ళకు పంచిపెట్టారు. తర్వాత సిపాయిలు దొడ్డి చుట్టూ ఉన్న ముళ్ళకంచె పీకి చలి కాచుకున్నారు. ఆ కంచె పక్కనే మా మామ తండ్రిని పూడ్చిన చోటు. మామ చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పేరు అడగకండి. కోడళ్ళం మామ పేరు పలకం.

మా మగవాళ్ళు రాళ్ళు మోశారు. గోడలు లేచాక వాళ్ళను లోపలికి రానివ్వలేదు, భయం మరి! అయితే సిపాయిలు పడుకునే పొడుగింటికి నేల అలకాలి. పేడతో అలకడం ఆడవాళ్ళ పని. ఆడవాళ్ళంతా రావాలని దుబాసీ చాటింపు వేశాడు. వాడూ మా కోసా మనిషే, తెల్లవాళ్ళ కోటు తొడిగాడు, అంతే తేడా.

మా జనం దొడ్డిలోనే, పేడ గట్టిపడిన నేల కింద, జొన్నలు పాతర వేసుకుంటారు. ఆ సంగతి సిపాయిలకు తెలియదు. ఆ ఏడాది జొన్నలన్నీ ఇప్పుడు కోట కింద ఉన్నాయి. చలికాలం ముంచుకొస్తోంది. నా చంటిదానికి ఇద్దామంటే నా దగ్గర పాలు ఎండిపోయాయి. ఆ జొన్నలు చేతికొస్తే బతుకుతాం, లేకపోతే లేదు.

ఏటి ఒడ్డున రెల్లుపొదల్లో అందరం కూడాం.

"కోడళ్ళు దొడ్డిలో కాలు పెట్టడమా? పితరులు ఊరుకుంటారా?" అని ఒక పెద్దాయన లేచాడు.

నా తోటికోడలు నోఫెజిలే నోటికి జడిసి మొగుడే పక్కకు తప్పుకునేవాడు. అది లేచింది. "ఊరుకోక ఏం చేస్తారు పెదనాన్నా? సిపాయిలు రోజూ వాళ్ళ నెత్తిమీద ఉచ్చ పోస్తుంటే కిక్కురుమనలేదు. నా కాలే బరువైందా?"

"నోరు ముయ్యవే!"

"మూస్తాను. ముందు అందులో ఇంత జావ పొయ్యి."

జనం నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

మామ చెయ్యెత్తాడు. "వెళ్ళండమ్మా. పితరులకు నేను జవాబు చెప్పుకుంటాను. పొడుగింట్లో తలుపుకి ఎదురు మూల గీకితే రాతిపలక తగులుతుంది. మెల్లగా జరపండి. సన్నటి మనిషి దిగాలి. గంపలో జొన్నలు అడుగున, పేడ పైన." అంతా చెప్పాడు. అంతా చెప్పాడనే అనుకున్నాం.

మర్నాడు పేడగంపలతో లోపలికి వెళ్ళాం. కాపలా సిపాయి కంపు భరించలేక గుమ్మం అవతలే నిలబడ్డాడు. సగంమంది అలుకుతూ పాట ఎత్తుకున్నారు, సగంమంది మూల తవ్వారు. పలక జరగగానే పులిసిన వాసన గుప్పుమంది.

"అబ్బ, జొన్నలే! బతికాం అక్కా!" అంటూ నోఫెజిలే జర్రున దిగిపోయింది.

"అందుతున్నాయా?" అన్నాను.

పలకలేదు. ఇంకొకామె తల లోపలికి పెట్టి వంగి, అలాగే వాలిపోయింది. కాళ్ళు పట్టి ఈడ్చేశాం.

అరవనా? అరిస్తే జొన్నలు పోతాయి. అరవకపోతే నోఫెజిలే పోతుంది. గొంతు చించుకుని అరిచాను.

బయటి గోడకు మోస్తున్న రాళ్ళు పారేసి మగవాళ్ళు సిపాయిని తోసుకుంటూ వచ్చారు. అందరికంటే ముందు మామ. "ఎవరూ దిగకండి! మూత తీసి వదిలెయ్యాలి! లోపల గాలి చచ్చి ఉంటుంది!"

తాడు వేసి లాగేసరికి నోఫెజిలేలో ప్రాణం లేదు.

మామ మొహంలోకి చూడకూడని కోడలిని, ఆయన దుప్పటి పట్టుకుని నిలదీశాను. "ముందే ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"అది... అందరికీ తెలిసిందే కదా తల్లీ."

"ఎవరందరికీ?"

పశువులు కాసే వయసు నుంచే మగవాళ్ళందరికీ తెలిసిన సంగతి అది. మాకు చెప్పాలని ఒక్కడికీ తట్టలేదు. కోట కట్టించినవాణ్ణి ఎంత తిడతానో, ఆ తట్టకపోవడాన్నీ అంతే తిడతాను.

సార్జెంటు వచ్చాడు. ఆ జొన్నలు గుర్రాలకు వెయ్యమన్నాడు. మా కళ్ళముందే వేశారు.

"తవ్వింది ఎవరే?" దుబాసీ అడిగాడు.

"నేనే," అన్నాను. "నేనే," అంది పక్కామె. గది పొడుగునా అదే మాట.

"మిగతా పాతరలు ఎక్కడ?"

మాకు నిజంగా తెలియదు. కొరడా దెబ్బలు తిన్నాం. మగవాళ్ళకు తెలుసు. వాళ్ళూ తిన్నారు, చెప్పలేదు. పెద్ద దోషి మామేనని బండికి కట్టేశారు, సముద్రం నడుమ దీవి జైలుకు పంపడానికి.

బండి కదిలింది. మేం పక్కనే నడిచాం. అప్పుడు మామ కోడలి పేరు పెట్టి, నలుగురిలో, పెద్దగా శోకాలు ఎత్తుకున్నాడు. అట్లా ఏ మామా ఏడవడు.

"జెండా కర్ర పక్కన ఒకటుంది నోఫెజిలే, వంటింటి గోడ కింద ఒకటుంది తల్లీ! మూత తీసి పూటంతా ఆగాలమ్మా, మండే గడ్డి దించితే ఆరిపోకూడదమ్మా! నీకు చెప్పలేదే తల్లీ, నీకు చెప్పలేదే!"

"ఏం కూస్తున్నాడు వాడు?" అన్నాడు సార్జెంటు.

దుబాసీ నా వైపు చూశాడు. "కోడలు చచ్చిందని ఏడుస్తున్నాడు దొరా."

మామ తిరిగి రాలేదు. ఆయన చెప్పిన పాతరలు రాత్రీపగలూ కాపలా కళ్ళముందే ఉన్నాయి, తవ్వే వీలు లేదు. మళ్ళీ అలకడానికి మాలో ఒక్కతె కూడా వెళ్ళలేదు. అందుకు మా గుడిసెలు కాల్చారు. నా చంటిది ఆ చలికాలం దాటలేదు. కోట అట్లాగే ఉంది, తుపాకులు అట్లాగే ఉన్నాయి. జెండా కర్ర పక్కన జొన్నలు ఈపాటికి మురిగి మట్టయిపోయి ఉంటాయి.

అయినా ఇప్పుడు మా ఊళ్ళో పాతర తెరవడం రాని ఆడపిల్ల లేదు. మేం చెబుతుంటే మగవాళ్ళు పక్కన కూర్చుని, తప్పుంటే దిద్దుతారు.

రాళ్ళు మోసే అన్నల్లారా, చదువుకునే పిల్లల్లారా, పోయినవి తెచ్చుకోడానికి కోటల్లోకి మళ్ళీ మనుషుల్ని పంపక తప్పదు మీకు. పంపేముందు మీకు తెలిసిందంతా చెప్పి పంపండి. ఇది తెలియనివాళ్ళు ఎవరుంటారులే అనుకోకండి. మా నోఫెజిలేకు తెలియదు.