పిల్ల ఎగిరేదాకా

మా ఆయన బెంగళూరు పోయిన రోజు నుంచి మా ఇద్దరి మధ్యకు ఒక గరుడపక్షుల జంట వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు, పనివాళ్లను అన్నానికి వదిలినప్పుడు ఫోన్ చేసేవాడు. "తిన్నవా?" అనేవాడు. నేను "తిన్న" అనేలోపే "అవి ఏం జేస్తున్నయి?" అనేవాడు. ఆ మొదటి ప్రశ్న కూడా నన్నే అడిగాడో, చెట్టు మీది ఆడగరుడను అడిగాడో నాకు అనుమానమే.

దేవసూగూరుకు దిగువన, కృష్ణ ఒడ్డున మా ఊరు. వానాకాలం, చలికాలం మా ఆయన భీమేశ్ తట్టలాంటి పుట్టి పడవ వేసుకుని చేపలు పడతాడు. ఏట్లో నీళ్లు తగ్గి బండలు తేలేసరికి ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. అందరూ కట్టడం పనులకు బెంగళూరు వెళ్తారు. మా వైపు దాన్ని గుళే పోవడం అంటారు. పెళ్లైన వాళ్లు జంటగానే పోతారు. మేమూ పోవలసిందే, పెళ్లై ఎనిమిది నెలలే మరి. నేను చీరలు కూడా సంచిలో సర్దుకున్నాను. అంతలో మా అత్త పంపమ్మ ఏటి బండ మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. చీరలు మళ్లీ పెట్టెలోకి వెళ్లాయి, ఆయన ఒక్కడే రైలెక్కాడు.

వెళ్లేముందు పదకొండు రోజులు మేమిద్దరం ఆ పక్షుల్ని చూశాం. సూగురేశ్వరుడి జాతర అయిన వారానికి అవి ఏటి ఒడ్డు మద్దిచెట్టు మీద గూడు మొదలుపెట్టాయి. తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్లు. కాస్త పెద్దది ఆడది, చిన్నది మగది అని ఆయనే చెప్పాడు. ఆయన పుట్టి బోర్లించి దాని మీద కూర్చునేవాడు, నేను పక్కన. అవి పుల్లలు తెస్తుంటే పుల్ల పుల్లకూ చెంపలు వేసుకునేవాడు.

"పోయినేడు గూడ గీడనే పెట్టినయి," అన్నాడు ఒకరోజు. "పిల్లకు ఈకలొచ్చినంక గాలివాన కొట్టి గూడే పడిపాయె. ఈసారన్న అది ఎగిరేది నా కండ్లతోని చూడాలె. ఈ ఏటి పొడుగునా ఆమడ దూరంల ఇంకో గరుడ గూడు లేదు తెలుసా?"

నాకేం తెలుసు? నేను ఏటికి అవతలి ఒడ్డు పిల్లను, తెలంగాణ బడిలో పది చదివాను. పక్షులంటే కాకి, కోడి. కానీ ఆయన భుజం నా భుజానికి తగులుతూ ఉంటే ఎన్ని గంటలైనా చూడగలను.

ఆయన చేతులు తుడుచుకుని పారేసిన ఎర్రగళ్ల తువ్వాలు పీలికను మగది ఎత్తుకుపోయి గూట్లో పరిచింది. దాని కొస ఒకటి కిందికి వేలాడేది. ఆయన వెళ్లాక నేను రోజూ చూసింది ముందు ఆ పీలికనే. ఇంట్లో ఆయన తువ్వాలు ఒక్కటీ లేదు, అన్నీ తీసుకుపోయాడు. ఒక్కటి మిగిలితే దాని మీద ఇంకొకత్తె పడుకుంది. నవ్వితే నవ్వండి, ఆ పక్షి మీద నాకు కుళ్లు పుట్టింది.

ఎందుకు పుట్టదు? అది గూట్లో కదలకుండా కూర్చుంటే మొగుడు పొద్దున ఒక చేప, మాపటికి ఒక చేప తెచ్చి ముందు పెట్టేవాడు. ఒక్కోసారి ఏమీ దొరక్కపోయినా వచ్చి పక్కన వాలేవాడు. నాకు కావలసింది ఆ వాలడమే. చేప నేనైనా పట్టుకోగలను.

ఇవేవీ ఫోన్లో చెప్పలేదు. "గుడ్లు పెట్టినట్టుంది, లేస్తలేదు," అని చెప్పాను మాఘంలో. శివరాత్రి దాటాక గూట్లో తెల్లటి నూగు తల ఒకటి కదిలింది. ఆ రోజు చెప్తే అవతల ఆయన అరిచిన అరుపుకు పక్కనున్న పనివాళ్లు ఏమైందని అడగడం నాకు వినిపించింది. నా ఫోన్లో ఫొటో తీస్తే గూడు ఈగంత కనబడేది. అందుకని నేను నోటితో చెప్పిందే ఆయనకు లోకం.

"పద్నాలుగో అంతస్తు మీదికెళ్లి చూస్తే ఈడ అన్నీ నల్లగద్దలే, కావేరీ," అనేవాడు. నా పేరు అలా చివర్లో ఒకసారి వచ్చేది. దాన్ని పట్టుకుని మరుసటి ఒంటిగంట దాకా గడిపేదాన్ని.

ఉగాదికి గుళే పోయినవాళ్లలో చాలామంది వచ్చారు. నేను తలంటుకుని, పెళ్లినాటి ఆకుపచ్చ చీర కట్టుకుని, ప్రతి ఆటో శబ్దానికీ వాకిట్లోకి పోయాను. మూడు ఆటోలు వచ్చాయి. మూడింట్లోంచీ ఎవరెవరి మొగుళ్లో దిగారు. స్లాబు పని ఉందని మేస్త్రి యమనూరప్ప మా ఆయన్ని మాత్రం వదల్లేదట.

మరునాడు ఒంటిగంటకు ఫోన్. పండుగ ఎట్లా చేశావని అడగలేదు. "పిల్ల ఎంతైంది?"

నాకు ఒళ్లు మండింది. పిల్లకు ఇంకా సగం నూగు, సగం ఈక. నిలబడితే తూలుతోంది. కానీ నా నోరు వేరే చెప్పింది. "ఎంతైందా? కొమ్మ మీదికొచ్చి రెక్కలు గొడుతున్నది. రెండు మూడు దినాల్ల ఎగిరిపోతది. నువ్వు ఆడనే ఉండు."

"గంత జల్దీనా?" అన్నాడు. తర్వాత, "వస్తున్న," అన్నాడు.

మూడోనాడు పొద్దున రాయచూరు స్టేషన్లో దిగి వచ్చాడు. సిమెంటుకు చేతులు పగిలాయి, మెడ ఎముకలు బయటపడ్డాయి. మంచినీళ్లు కూడా తాగకుండా సంచి గడపలో పడేసి ఏటికి నడిచాడు. నేను వెనక. చెట్టుకింద నిలబడి తలెత్తి చాలాసేపు చూశాడు. పిల్ల నూగు తల ఊపుతూ కేకలు పెట్టింది.

"గిది రెండు దినాల్ల ఎగురుతదా?"

"ఎగురుతదనుకున్న."

"మూడు వారాలన్న పడ్తది."

తిడితే బాగుండేది. ఆయన తువ్వాలు పీలికను చూస్తూ అన్నాడు, "నీ సంగతి అడిగితే ఆడ పనిజేయ బుద్ధి గాదు. గందుకే వాటి సంగతి అడుగుత."

నేను ఏడ్చాను. ఆయన తప్ప చూసినవాళ్లు ఎవరూ లేరు, ఉన్నా నాకు పట్టదు.

ఇంటికొచ్చాక మంచం మీంచి అత్త నవ్వింది. "గరుడ పిల్లకు రెక్కలు రాకముందే నీకు వచ్చినాయిరా కొడుకా?"

"చూసే పోత అమ్మా. అది ఎగిరేదాంక ఉంట."

ఇక అక్కడి నుంచి నా బుద్ధి తిరగబడింది. అంతవరకూ ఆ పిల్లను తొందరగా పెరగమని వేడుకున్నదాన్ని, ఇప్పుడు దానికి తండ్రి తెచ్చే ప్రతి చేపా నాకు మరీ లావుగా కనబడేది. అత్తను లేపడానికి, దింపడానికి ఇంట్లో ఒకరుండాలి కనుక పొద్దున కాపలా నాది, సాయంత్రం ఆయనది. ఆయన వచ్చి "ఇయ్యాల గూటి అంచు మీద నిలబడ్డది" అని సంబరంగా చెప్తే నాకు అన్నం సహించేది కాదు. మేస్త్రి రోజూ ఫోన్ చేసేవాడు. అమావాస్యలోపు రాకపోతే ఇంకొకణ్ని పెట్టుకుంటానన్నాడు. "రెండు దినాలు మేస్త్రీ, చూసొస్త," అనేవాడు ఈయన. ఎప్పుడూ రెండు దినాలే.

ఒక పొద్దున నేను బట్టలు తీసుకుని ఏటికి వెళ్లేసరికి తల్లి అవతలి బండ మీద చేపతో కూర్చుని ఉంది. గూటికి తేవడం లేదు. పిల్ల కొమ్మ చివరకు నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్లీ నడిచింది. "వద్దు," అన్నాను పైకే. "ఇంకొక్క వారం ఉండవే." అది దూకింది. నీళ్లదాకా పడిపోయిందనిపించి నా చేతిలో బట్టలు జారాయి. అప్పుడు రెక్కలు నిలబడ్డాయి. ఏటి మీద వంకరటింకరగా ఎగురుకుంటూ పోయి బండ మీద బోర్లా పడి, లేచి, చేప లాక్కుంది.

నేను చెంపలు వేసుకున్నాను. సంతోషమే వేసింది, అబద్ధం చెప్పను. రెండేళ్లుగా ఆయన కోరుకున్నది నా కళ్ల ముందు జరిగింది. అది ఆయన చూడలేదు.

ఇంటికి వస్తే ఆయన పెరట్లో పుట్టికి డాంబర్ పూస్తున్నాడు. "ఎగిరిందా?"

"ఇంక లే."

మరునాడు అడిగాడు. "ఇంక లే." పిల్ల పొద్దుగూకేసరికి గూటికే వచ్చి వాలేది కనుక సాయంత్రం ఆయన చూసినా నా మాట బయటపడలేదు. ఆయన దగ్గర దొంగిలించిన దాన్ని ఆయన పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

మూడో రోజు ఇద్దరం పెరట్లోనే ఉన్నాం. ఆయన పుట్టికి రెండో పూత వేస్తున్నాడు, నేను డబ్బా పట్టుకున్నాను. నెత్తిమీద ఆ సన్నటి కేక వినిపించింది. నేను తల ఎత్తలేదు. ఆయన ఎత్తాడు. గోధుమరంగు చారల పిల్ల, రెక్కలు ఇంకా సరిగా సర్దుకోనిది, మా ఇంటి మీద ఒక చుట్టు తిరిగి ఏటివైపు వాలిపోయింది. అది కనబడకుండా పోయేదాకా ఆయన చూశాడు. డాంబర్ చేత్తోనే మెల్లగా చెంపలు వేసుకున్నాడు. చెంపల మీద నల్లటి మచ్చలు పడ్డాయి.

అత్త మంచం మీంచి అడిగింది, "మనదేనా? ఎగిరిందా?"

ఆయన నావైపు చూడకుండా నా చేతిలోని డబ్బా తీసుకుని కింద పెట్టాడు.

"కాదమ్మా," అన్నాడు. "వేరే గూటిది."

ఆమడ దూరంలో ఇంకో గరుడ గూడు లేదని నాకు చెప్పింది ఆయనే.