మెత్తనూనె

దర్జీ పెద్దాయనకు రెండు విద్యలు వచ్చు. ఒకటి బట్టలు కుట్టడం, రెండోది కోతలు కోయడం. రెండోదానికి కూలి లేకపోయినా ఆయనకు పేరు తెచ్చింది అదే.

ఆయన కొట్టంటే ఇంటి ముందుగదే. మెత్తటి ప్లాస్టిక్‌తో బంతులు, గొట్టాలు, బల్లమీద పరిచే షీట్లు చేసే ఫ్యాక్టరీలో పనివాళ్లు వేసుకునే కోట్లన్నీ అక్కడే తయారవుతాయి. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లను నవ్వించకుండా పంపడం ఆయనకు చేతకాదు.

"ఒకాయన నడుము కొలుద్దామని పొద్దున్నే టేపు పట్టుకుని బయల్దేరానమ్మా. వీపు దగ్గర కాసేపు ఆగి మంచినీళ్లు తాగాను. చుట్టూ తిరిగి మళ్లీ బొడ్డు దగ్గరికి చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది."

వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. ఆ నవ్వుల మత్తు తలకెక్కి, ఒకరోజు సొంత కూతుర్నే కథలోకి లాగాడు.

కూతురిది ఆ ఫ్యాక్టరీలోనే ప్లాస్టిక్ ముద్ద కలిపే పని. తల్లి పోయాక ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. మూడేళ్ల కిందట పనిలో చేరినప్పుడు రివటలా ఉండేది. ఈ మూడేళ్లలో నడుము ఎనిమిది అంగుళాలు పెరిగింది. ఆ లెక్క తండ్రికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

"మా అమ్మాయి కోటు ఉతికి ఆరేశామా, ఎదురింటావిడ తగువుకొస్తుంది. మీ పిల్ల కోటు అడ్డమొచ్చి మా ఇంటికి మూడు రోజులుగా సూర్యుడు కనబడలేదు, మా ఒడియాలూ ఎండలేదు అని."

కొట్టంతా గొల్లుమంది. అప్పుడే కూతురు టీ గ్లాసులతో గుమ్మంలోకొచ్చింది. అందరికీ గ్లాసులందించి, తనూ ఇంత నవ్వి, లోపలికి వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఆమెకు ఆకలి వేయలేదు. పొద్దున అడిగితే "ఫ్యాక్టరీలో తింటాను" అనేది. ఇంటికొచ్చాక అడిగితే "అక్కడే తిన్నాను నాన్నా" అనేది. రెండు నెలలు గడిచాయి. మొహం పీక్కుపోయింది గానీ నడుము మాత్రం అంగుళం తగ్గలేదు. అది చూసి పెద్దాయన అన్న మాట ఇది: "గాలి తిని పెరుగుతున్నావే. ఆ గాలేదో నాక్కూడా కాస్త పట్టిపెట్టు."

ఒక మధ్యాహ్నం ఆమెతో పనిచేసేవాళ్లిద్దరు ఆమెను చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు.

"కలిపే మిషన్ పక్కనే కళ్లు తిరిగి పడింది బాబాయ్. జానెడు అటు పడుంటే తిరిగే ఆ మిషన్ రెక్కల్లో పడేది." ఇద్దర్లో పెద్దామె ఊపిరి పీల్చుకుని, గొంతు తగ్గించింది. "రెండు నెలలుగా ఖాళీ డబ్బా తెస్తోంది. అందరికీ వీపు పెట్టి కూర్చుని, మూత తీసి, తిన్నట్టు చేయి ఆడించి, మళ్లీ మూత పెట్టేస్తుంది. ఇవాళే చూసి అడిగితే ఒప్పుకుంది."

పెద్దాయన డాక్టరమ్మకు కబురు పెట్టాడు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. రక్తం తీసుకుంది. వెళ్తూ ఆయన్ని వాకిట్లోకి పిలిచి, "ఇలాగే ఉంటే గుండె మీదికొస్తుంది. తినిపించండి" అంది. తినిపించడమెలా? కంచం తీసుకెళ్తే కూతురు గోడవైపు తిరిగేది. బతిమాలితే కళ్లు మూసుకునేది. నాలుగు రోజులు రెండు గ్లాసుల పాలతో గడిచాయి.

అయిదో రోజు చేతులు ఊరుకోక ఆయన కుట్టుమిషన్ ముందు కూర్చున్నాడు. పక్క కుట్లు విప్పి వదులు చేయమని ఫ్యాక్టరీవాళ్లు పంపిన కోట్లు మూలన కుప్పగా ఉన్నాయి. ఒకటి విప్పాడు, రెండోది విప్పాడు, మూడోది చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

మూడింటికీ కాలరు నీలం. కుప్పంతా కలియబెట్టాడు. పంతొమ్మిది కోట్లలో పదహారు నీలం కాలర్లవే. నీలమంటే ముద్ద కలిపేవాళ్లు, ఆకుపచ్చంటే బంతులు సర్ది పెట్టెల్లో వేసేవాళ్లు. అందరూ ఒకే గంటకు, ఒకే బల్లల మీద తింటారు. ఆకుపచ్చవాళ్లే ఎక్కువమంది. మరి లావెక్కడం నీలంవాళ్ల వంతెందుకయింది? ఇన్నేళ్లుగా ఆ కుట్లు విప్పుతూనే ఉన్నాడు. విప్పినప్పుడల్లా ఓ కోత కోశాడే తప్ప, కళ్లు పెట్టి చూసింది ఎప్పుడు?

ఇంకొకటి కనబడింది. నీలం కాలరు కోట్లకు కుడి జేబు దగ్గర బట్ట నూనె పట్టి పారదర్శకంగా ఉంది. వేలు పెడితే జారుతోంది. లేచి కూతురి మంచం దగ్గరికి వెళ్లాడు.

"జేబులో ఏం పెట్టుకుంటారమ్మా మీరు?"

గోడవైపు నుంచే జవాబొచ్చింది. "మెత్తనూనె. చిన్న సీసాలో."

"అదేం నూనె?"

"ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది కదా. ఇది పోస్తే మెత్తబడుతుంది. వాసనుండదు, రంగుండదు. అంత గట్టిదాన్నే మెత్తబరిస్తే చేతుల్ని మెత్తబరచదా అని నాతో పనిచేసే అక్కవాళ్లు మొదలుపెట్టారు. పగుళ్లు పోతాయి. చేతులకీ, మడమలకీ రోజూ రాసుకుంటాం. ఆ చేత్తోనే తింటాం."

ఆయన ఆమె కోటు జేబులోంచి సీసా తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా డాక్టరమ్మ దగ్గరికి నడిచాడు.

ఆయన చెప్పిన కోట్ల లెక్క విని, డాక్టరమ్మ సీసాను వెలుతురుకెత్తి చూసింది. "హార్మోనంటే ఒంట్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లే చీటీ అనుకోండి. ఆకలెప్పుడు వేయాలి, కొవ్వెంత దాచాలి అని ఉంటుంది అందులో. ఇలాంటి కొన్ని రసాయనాలు ఆ చేతిరాతను కాపీ కొడతాయి. ఒళ్లు నమ్మేస్తుంది."

"అయితే మా పిల్ల లావవడం దీనివల్లేనా?"

"అలాగని చెప్పలేను. అయ్యుండొచ్చు. ఒక్క మనిషిలో ఇదే కారణమని తేల్చడం కష్టం. ఆ పదహారు మందినీ పరీక్షకు రమ్మనండి. రాసుకోవడం మాత్రం ఇవాళే ఆపించండి."

పెద్దాయన ఇంటికొచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని, విన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక సంగతిని పొడిగించకుండా చెప్పడం ఆయనకదే మొదటిసారి.

కూతురు లేచి గోడకు ఆనుకుంది.

"అంటే నేను చాటుగా మెక్కట్లేదని ఇప్పుడు నమ్మకం కుదిరిందా?"

"కుదిరిందమ్మా."

"నా మాట మీద కాదు. కోట్ల మీదా, సీసా మీదా."

ఆయన అవునన్నట్టు తలూపాడు.

"రేపు పరీక్షలో ఆ నూనె వల్ల కాదని తేలిందనుకో నాన్నా. నేను నిజంగానే రెండు కంచాలు తినేదాన్ననుకో. అప్పుడు కొట్లో అందరి ముందూ నువ్వన్న మాట సరైనదే అయిపోతుందా?"

డాక్టరమ్మనూ, కోట్లనూ, నూనెనూ ఎటు తిప్పి అడ్డం పెట్టుకున్నా ఆ ప్రశ్న తప్పుకునేలా లేదు.

"కాదు. అప్పుడూ తప్పే."

తర్వాత ఆమె మంచం దిగి, గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్లింది. సబ్బుతో చేతులు రుద్దుకుంటున్న చప్పుడు వినిపించింది. ఒకసారి కడిగి, మళ్లీ రుద్దింది. వచ్చి వంటింటి పీట మీద కూర్చుని, కంచం ముందుకు లాక్కుంది.

"పొద్దున్నే అక్కవాళ్ల దగ్గరికి వెళ్లి సీసాలు పారబోయమంటాను. నడవడానికి ఓపిక కావాలి కాబట్టి తింటున్నాను. నువ్వు అటు తిరిగి కూర్చో."

దర్జీ పెద్దాయన పీట జరుపుకుని వాకిలివైపు తిరిగి కూర్చున్నాడు. వెనక గరిటె గిన్నెకు తగిలింది. నాలిక చివరిదాకా ఏవేవో కోతలు వచ్చాయి, మింగేశాడు. మొదటి ముద్దకు ఆమెకు దగ్గొచ్చింది. నీళ్ల గ్లాసు పట్టుకుని చెయ్యి వెనక్కి చాచాడు గానీ తల మాత్రం తిప్పలేదు. గ్లాసు ఆయన చేతిలోంచి మెల్లగా వెళ్లిపోయింది. ఆ తర్వాత, ఆగి ఆగి, రెండో ముద్ద నమిలిన చప్పుడు వినబడింది.